పెదాలు కనబడాలట

బొమ్మ క్లియర్‌గా రావాలి, పెన్‌డ్రైవ్‌లో జాగా మాత్రం ఎక్కువ తినకూడదు. దిల్‌సుఖ్‌నగర్‌లో వీడియో మిక్సింగ్ షాపు నడిపినన్నాళ్లూ ఈ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. క్యాసెట్టును సీడీ చెయ్యడం, సీడీని డీవీడీ చెయ్యడం, దాన్ని మళ్లీ సెల్‌ఫోన్‌లో పట్టేలా కుదించడం, ఇదే నా బతుకు. మార్చిన ప్రతిసారీ బొమ్మ కొంత పోతుందని మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఎవరూ వినేవారు కాదు. నేనూ చెప్పడం మానేశాను.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు. కరెంటు పూటకోసారి పోయేది. షట్టరు సగానికి దించుకుని ఖాళీగా కూర్చునేవాణ్ణి. మాది గుంటూరు వైపు. నోరు విప్పితే ఎక్కడివాణ్ణో తెలిసిపోతుందని ఆ రోజుల్లో తక్కువ మాట్లాడేవాణ్ణి. అలాగని నన్నెవరూ ఏమీ అనలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

అలాంటి ఒక పొద్దున ఎల్బీనగర్ నుంచి ఒక తల్లీ కూతురూ నడుచుకుంటూ వచ్చారు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. తల్లి ఇంట్లో బట్టలు కుడుతుంది. కూతురు రెండు సీడీలు నా ముందు పెట్టింది. కవరు మీద మా షాపు స్టిక్కరే ఉంది. ఎనిమిదేళ్ల కిందట వాళ్ల మేనత్త పెళ్లి క్యాసెట్టును నేనే సీడీలు చేసిచ్చాను.

"అన్నా, గిండ్ల మా నాయిన మొఖం గడులు గడులుగ ఒస్తున్నది. జర సాఫ్ చెయ్యొస్తదా?" అంది కూతురు.

"సీడీలో లేనిది ఎక్కణ్ణుంచి తెమ్మంటావమ్మా? పోయిన బొమ్మ పోయినట్టే" అన్నాను, కసురుకున్నట్టే.

తల్లి నా నోటి వంకే చూస్తోంది. అప్పుడు చెప్పింది కూతురు. తల్లికి చిన్నప్పటి నుంచీ చెవులు వినిపించవు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట తెలుసుకుంటుంది.

"నాయిన అమ్మతోని మాట్లాడితే గొంతే తియ్యకపోయేది. ఉత్త పెదవులతోనే మాట్లాడేది. అత్త లగ్గంల బువ్వలకాడ దూరం నుంచే అమ్మకు ఏందో చెప్పిండు. అది వీడియోల పడ్డది. నాయిన పోయి ఆరేండ్లాయె. అప్పటి సంది రోజూ పెట్టుకొని చూస్తది, కానీ నోరు కనవడదు."

నేను సీడీ పెట్టి చూశాను. బంతి భోజనాలు. సాంబారు బకెట్టు పట్టుకున్న ఒక సన్నటి మనిషి ఆగి, కెమెరా పక్కగా ఎవరినో చూసి ఏదో అంటున్నాడు. వెనక పందిరి గుడ్డ మీది పువ్వులు లెక్కపెట్టొచ్చు. ఆయన నోరున్న చోట మాత్రం గోధుమరంగు గళ్లు కదులుతున్నాయి. జాగా తగ్గించమంటే కంప్యూటరు చేసే పని అదే. కదలనివాటిని ఉంచి, కదిలేవాటి దగ్గర పొదుపు చేస్తుంది. మాట్లాడే నోరు ఊరికే ఉండదు కదా.

"క్యాసెట్టుందా?" అని అడిగాను. ఉందంటే ఆశ్చర్యపోయాను. సీడీలొచ్చాక క్యాసెట్లను అందరూ పారేశారు.

మర్నాడు తెచ్చారు. దాన్ని చూసి నా తల తిరిగిపోయింది. ఆయన పోయినప్పటి నుంచి దాన్ని దేవుడి అరలో ఫొటో పక్కన పెట్టి, ఏటా ఆయన తిథినాడు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారట. నొక్కితే మూత తెరుచుకునే చోట కూడా రెండు బొట్లు. లోపల టేపు అంచులన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఎవరన్నా క్యాసెట్టుకి బొట్టు పెడతారా?" అని అరిచాను.

"నాయిన అండ్లనే ఉన్నడు గదన్నా" అంది ఆ పిల్ల.

కుంకుమ పొడితో అలాగే ఆడిస్తే టేపు మీద గీతలు పడతాయి, ఉన్నదీ పోతుంది. రెండు రోజులు కూర్చున్నాను. మరలు విప్పి, టేపు చుట్టిన చక్రాలు తీసి ఇంకో ఖాళీ క్యాసెట్టు డబ్బాలో వేసి, మెత్తటి గుడ్డతో టేపునంతా జానెడు జానెడు చొప్పున తుడిచాను. నడుము పడిపోయింది. సమ్మె కాబట్టి సరిపోయింది, షాపు నడిచే రోజులైతే అంత తీరిక నాకెక్కడిది? తిట్టుకుంటూనే తుడిచాను.

మూడోరోజు ఇద్దరినీ రమ్మన్నాను. టేపు నలిగి ఉంది, రెండోసారి ఆడుతుందన్న నమ్మకం లేదు. మధ్యలో కరెంటు పోతే మిషన్‌లో చుట్టుకుపోతుంది. అందుకే కరెంటు వచ్చిన మరుక్షణమే మొదలుపెట్టాను. ఈసారి ఏమీ కుదించలేదు. క్యాసెట్టులో ఉన్నది ఉన్నట్టు హార్డ్ డిస్కులోకి దించుతూ పోయాను, ఎంత జాగా తింటే అంత తిననీ అని. భోజనాల బంతి వచ్చేసరికి కుర్చీ తెర దగ్గరికి జరుపుకోమని ఆమెకు సైగ చేశాను.

ఆయన ఆగాడు. చూశాడు. కొంచెం మసకే, అయినా పెదాలు కనబడ్డాయి. ఏమన్నాడో నాకు తెలియలేదు, ఆమెకు తెలిసింది. ముందుకు వంగి, మోకాలి మీద చరిచి, పెద్దగా నవ్వేసింది. అంతా దిగాక ఆ ముక్కే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. ప్రతిసారీ నవ్వింది. ఏమన్నడే అని కూతురు ఎంత అడిగినా తల అడ్డంగా ఊపింది.

కూతురి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "అప్పుడు మిషన్లు మంచిగ లేకుండె గదన్నా, గిప్పుడు మంచియి ఒచ్చినయ్" అంది.

"అవునమ్మా" అన్నాను, తెర వైపు చూస్తూ.

తల్లి కూతురి చెయ్యి తట్టి ఏదో సైగ చేసింది.

"మీరేమన్నరో అమ్మకు కనవడలేదట. గిటు తిరిగి చెప్పుండ్రి."

తిరిగాను. ఆమె ముఖంలో ఇంకా ఆ నవ్వు ఉంది. ఆ ముఖం చూస్తూ మళ్లీ అదే మాట అనలేకపోయాను.

"మిషన్ ఇదేనమ్మా. అప్పుడూ ఇదే. టేపు అప్పుడు ఇంకా బాగుంది. మూడు సీడీల్లో రావలసినదాన్ని రెండింట్లో కుక్కాను. పెళ్లిళ్ల సీజను, త్వరగా వదుల్చుకోవాలని చేశాను."

ఆమెకు అర్థం కాలేదు. మా వైపు మాట పెదాల మీద వేరేగా ఉంటుంది కాబోలు. మెల్లగా మళ్లీ చెప్పాను. అప్పటికీ కాలేదు. మూడోసారి ఒక్కో మాటా విడదీసి చెప్పాల్సి వచ్చింది, తొందరపడి పాడు చేసింది నేనే అని. కూతురు తల దించుకుంది.

నవ్వు పోయింది. ఆమె కోపం తెచ్చుకోలేదు. నా కళ్లలోకి చూస్తూ రెండు చేతులూ ఎత్తి ఆరు వేళ్లు చూపించింది, తర్వాత తెర మీది ఆయన్ను చూపించింది. అర్థం చెప్పమని నేను కూతురి వైపు తిరగలేదు.