గీత మీద బంతి

మిర్చి టిక్కీ బస్తాని వీపుకెత్తుకోబోయి భుజం జార్చుకున్న దగ్గర్నుంచీ ఏడుకొండలు డాక్టరు చెప్పినట్టు రోజూ పొద్దున్నే గోడ మీద వేళ్లు పైకి పాకిస్తాడు. ఎంత పాకించినా చెయ్యి చెవి దాటి పైకి లేవదు. సాయంత్రం వాలీబాల్ కోర్టుకు వెళ్తే, గీత పక్కన కుర్చీ వేసి అంపైరు పెద్దరికం కట్టబెట్టారు. తన షూటర్ స్థానంలో బాజీబాబు ఎగిరి కొట్టినప్పుడల్లా ఒంటికి కారం రాసుకున్నట్టు మండిపోతాడు. "ఆ మోచెయ్యి వంకర చూడు, అదీ ఒక షాటేనా!" అని గొణుక్కుంటాడు.

నిన్న ఆఖరి పాయింటుకి బాజీబాబు కొట్టిన బంతి సరిగ్గా గీత మీదే పడి సున్నం లేపింది. గీత తాకితే పాయింటే. అయినా "అవుట్!" అని అరిచాడు ఏడుకొండలు. తగాదాకి రావాల్సిన బాజీబాబు నవ్వుతూ పరుగెత్తుకొచ్చాడు.

"పాయింటు పోతే పోయింది, నీ చెయ్యి చూసుకో బావా!"

తల మీద నిటారుగా లేచి నిలబడ్డ ఆ చేతిని ఏ మొహం పెట్టుకుని దించాలో ఏడుకొండలుకి తోచలేదు.