సెకన్ల అక్క చూసిన కాన్పులు

ఆ ఆస్పత్రిలో పుట్టిన ఏ బిడ్డా సెకన్ల అక్క బొత్తాం నొక్కనిదే ఏడ్చే సాహసం చేయలేదు. తల బయటపెట్టగానే ముందు కాన్పుల గది మూలన స్టూలు మీద కూర్చున్న ఆవిడ వైపు ఓరకంట చూసేవాళ్లు. ఆవిడ స్టాప్‌వాచీ నొక్కి, “ఊఁ, కానీ” అన్నట్టు తలూపాకే గొంతెత్తేవాళ్లు. రెండేళ్లలో నాలుగు వందల పన్నెండు మందిని అలా ఒక్క వేలితో ఏడిపించింది. కొందరు అత్తగార్లు జీవితమంతా కష్టపడినా అందుకోలేని లెక్క ఇది.

ఈ లెక్క ప్రచారం చేసేది ఆవిడ సొంత తమ్ముడు. ఆస్పత్రి గేటుకు ఎదురుగా అతనిది జెరాక్స్ షాపు. ఒక కాగితం ఇస్తే పది చేస్తాడు, ఒక మాట ఇస్తే వంద. తన మిషను ఒకసారి వేడెక్కి, ఎవరూ ఇవ్వని కాగితాన్ని కూడా కాపీ తీసిందని చెప్పి నమ్మించిన ఘనుడు. అక్క విషయంలో మాత్రం అతను పెద్దగా కల్పించలేదు. కల్పించాల్సిన అవసరం ఆవిడ ఎవరికీ మిగల్చలేదు.

ఇరవై రెండేళ్లు ఒక చిన్న ఆస్పత్రిలో నర్సుగా పురుళ్లు పోసిందావిడ. మోకాళ్లు మొరాయించాక ఇంట్లో కూర్చుంది. కూర్చున్న నెలకే గోడల్ని కూడా “నొప్పులు ఎప్పటినుంచి?” అని అడుగుతోందని తమ్ముడు ఫిర్యాదు చేశాడు. అప్పుడొచ్చింది ఈ పరిశోధన ఉద్యోగం. కాన్పు సమయంలో, ఆ తర్వాతి మొదటి గంటలో, తల్లికీ బిడ్డకీ ఎవరు ఏం చేస్తున్నారు, ఎన్ని సెకన్లకి చేస్తున్నారు అన్నది కళ్లారా చూసి ట్యాబ్‌లో నింపాలి. బిడ్డను తుడిచింది ఎప్పుడు, మొదటి ఏడుపు ఎప్పుడు, బొడ్డు కత్తిరించింది ఎప్పుడు, తల్లి రొమ్ము మీద పడుకోబెట్టింది ఎప్పుడు. కడుపులోనే కన్నుమూసి వచ్చిన వాళ్లకి వేరే పేజీ ఉండేది. రెండేళ్లలో ఆ పేజీ ఐదుసార్లు తెరిచింది.

నియమం మూడు మాటలు: చూడు, రాయి, ముట్టుకోకు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. ప్రాణం మీదికొచ్చి, దగ్గర ఎవరూ లేకపోతే, అన్నీ వదిలేసి చెయ్యి వెయ్యి. రెండూ ఆవిడకి కంఠతా వచ్చు.

చిక్కల్లా ట్యాబ్‌తో వచ్చింది. పేజీలో ఉన్న ప్రశ్నలన్నీ నింపితే తప్ప అది కదలదు. మధ్యలో వదిలేసి లేస్తే, కాసేపటికి అలిగిన అల్లుడిలా మూసుకుపోయి అప్పటిదాకా నింపినదంతా మింగేస్తుంది. చేరిన కొత్తలో ఒక తల్లి మంచం మీంచి జారబోతుంటే అక్క లేచి పట్టుకుంది. తిరిగొచ్చేసరికి ముప్పై ఒక్క జవాబులూ మాయం.

“ఒక కాన్పు మొత్తం గాలికి పోయిందక్కా,” అన్నాడు సూపర్‌వైజరు. కుర్రవాడే, గట్టిగా కూడా అనలేదు. అయినా అక్కకి తల కొట్టేసినట్టయింది. స్కూల్లో కూడా ఎవరిచేతా మాటపడని మనిషి. ఆనాటి నుంచి పేజీ పూర్తికాకుండా స్టూలు దిగలేదు.

ఆరోజు పొద్దున పదకొండు దాటింది. గదిలో మూడు మంచాలు, ఇద్దరు తల్లులు, ఒక సిస్టరు, ఒక ఆయా. డాక్టరు పక్కనే థియేటర్లో ఆపరేషను చేస్తోంది. రెండో మంచం ఆవిడకి కాన్పయి పావుగంటయింది. మూడో మంచం మీద ఉన్నది తొలిచూలు అమ్మాయి. ఇంకా గంట పడుతుందని అందరూ అనుకున్నారు. బిడ్డ ఎవర్నీ అడగలేదు.

“ముక్కమ్మా, ఇంకొక్కసారి, మా తల్లివి కదూ!” అంటూ సిస్టరు అందుకుంది. మగపిల్లాడు. అక్క స్టాప్‌వాచీ నొక్కింది. సిస్టరు బిడ్డను గుడ్డతో రుద్దుతోంది. వాడు ఒక్కసారి నోరు తెరిచాడు, ఎక్కిలిలాంటిదేదో వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయా కేక పెట్టింది.

“సిస్టర్! రెండో మంచం! రక్తం ఆగట్లేదు, కిందికి కారిపోతోంది!”

సిస్టరు బిడ్డను తల్లి పొట్ట మీద పెట్టి అటు పరిగెత్తింది. పెద్దప్రాణం ముందు. ఆ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. ఆయాని డాక్టరు కోసం పంపింది.

మూడో మంచం దగ్గర అక్క ఒక్కతే మిగిలింది. మొదటి ప్రశ్న: బిడ్డ ఏడ్చిందా? లేదు అని నొక్కింది. తుడిచింది ఎవరు? సిస్టరు. తుడవడం ఎన్ని సెకన్లకి మొదలైంది? అంకె వేసింది. తల్లి ఒంటికి ఆనించి ఉందా? అవును. కళ్లు ట్యాబ్ మీద, చెవులు బిడ్డ మీద. ఇప్పుడు ఏడుస్తాడు, ఇదిగో ఇప్పుడు ఏడుస్తాడు అనుకుంటూనే వేలు కదులుతోంది. పేజీ మారింది. అప్పుడు తలెత్తి చూస్తే పిల్లాడు నీలంగా, తడిసిన గుడ్డలా వాలిపోయి ఉన్నాడు.

ట్యాబ్ ఎక్కడ పడిందో ఆవిడకి తెలియదు. బొడ్డు కత్తిరించి, బల్ల మీద పడుకోబెట్టి, తల సరిచేసి, మాస్కు ముక్కూ నోటికీ ఆనించి గాలి బ్యాగు నొక్కడం మొదలుపెట్టింది. చేతులకి ఇరవై రెండేళ్ల పని గుర్తుంది. చిన్న ఛాతీ లేచింది, దిగింది. గుండె కొట్టుకుంటూనే ఉంది. డాక్టరు వచ్చి అందుకునే దాకా నొక్కింది. ఆవిడ మోకాళ్ల నొప్పి ఆ ఎనిమిది నిమిషాలూ ఎటుపోయిందో తెలియదు. రెండో మంచం పెద్దప్రాణం దక్కింది. మూడో మంచం చిన్నప్రాణం మర్నాడు మధ్యాహ్నం దాకా గాజుపెట్టెలో ఉండి, పోయింది.

ఆ పరిశోధనలో ఆ పిల్లాడిది రెండు వందల ఎనభై ఏడో కాన్పు.

మూడోరోజు సూపర్‌వైజరు ట్యాబ్ పట్టుకొచ్చాడు. అంచు పగిలినా అది అన్నీ గుర్తుపెట్టుకుంది. సిస్టరు అటు వెళ్లగానే నొక్కిన మొదటి జవాబు నుంచి అక్క పేజీ పూర్తిచేసిన క్షణం దాకా నలభై రెండు సెకన్లు.

“అక్కా, ఇది స్పష్టత లేని రికార్డు అని పెట్టేద్దాం. గదిలో గొడవగా ఉంది, ట్యాబ్ కిందపడింది. లెక్కలోంచి తీసేస్తే ఎవరూ అడగరు.”

“తీసేస్తే ఏమవుతుంది?”

“మీ ఉద్యోగం ఉంటుంది.”

“వాడు?”

“ఎవరు?”

“రెండు వందల ఎనభై ఏడోవాడు. వాడూ ఉండడుగా లెక్కలో.”

కుర్రవాడు ట్యాబ్ ఆవిడ ముందు పెట్టాడు. ట్యాబ్ అడుగున ఇతర విషయాలు అని ఒక గడి ఉంటుంది. అన్ని నెలల్లో అందులో అక్క ఒక్క మాటైనా రాయలేదు. ఆరోజు రాసింది: గమనిస్తున్న మనిషి ఫారం నింపుతూ నలభై రెండు సెకన్లు ఆలస్యం చేసింది.

పరిశోధన మొత్తం చూసే పెద్ద డాక్టరమ్మ అది చదివి ఆవిడని పిలిపించింది. తీసేస్తుందనే అక్క అన్నం డబ్బా, చెప్పులు, కళ్లజోడు సంచిలో సర్దుకుని మరీ వెళ్లింది.

“మిమ్మల్ని తీసేస్తే రేపటి నుంచి ఇలాంటిది ఎవరూ రాయరు,” అంది డాక్టరమ్మ. “పేజీని మధ్యలో వదిలేసినా ఏదీ పోకుండా మార్పిస్తున్నాను. ఇకముందు శిక్షణలో మొదటి పాఠం కూడా ఇదే. ఆ ఇంటివాళ్లకి మనం చెప్పాలి. నేనూ వస్తాను.”

“వద్దు మేడమ్. మీరొస్తే వాళ్లు లేచి నిలబడతారు. ఇది కూర్చుని వినాల్సిన మాట.”

పదకొండో రోజు అక్క ఒక్కతే వెళ్లింది. రెండు గదుల ఇల్లు. తీగ మీద చిన్న చిన్న గుడ్డలు, ఎవరూ తీయనివి, ఆరిపోయి గట్టిపడి ఉన్నాయి. తలుపు తీసింది అత్తగారు. ఆస్పత్రి నుంచి వచ్చానంది అక్క.

“రామ్మా, కూర్చో. ఏం చెప్పమంటావు మా రాత. ముక్కవే అంటే ముక్కదు, అరుపులొకటి. బిడ్డకి లోపలే ఊపిరాడలేదు. దీని సుకుమారానికి వాడు బలైపోయాడు.”

గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తలేదు. “నేను సరిగ్గా ముక్కలేదండీ,” అంది, పాఠం అప్పజెప్పినట్టు. పదకొండు రోజులుగా అప్పజెబుతున్న పాఠం అది.

అక్క నేల మీద కూర్చుంది. మోకాళ్లు టకటకమన్నాయి.

“లేదమ్మా. నువ్వు బాగానే కన్నావు. నేను ఇరవై రెండేళ్లు పురుళ్లు పోశాను, నాకు తెలుసు. వాడు గుండె కొట్టుకుంటూనే బయటికొచ్చాడు. వాడికి గాలి అందించాల్సిన మనిషిని నేను. ఫారం నింపుతూ కూర్చున్నాను.”

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఎంతసేపు?” అంది అమ్మాయి.

“నలభై రెండు సెకన్లు.”

“అంటే ఎంత?”

అక్క మెడలోని స్టాప్‌వాచీ తీసి అమ్మాయి చేతిలో పెట్టింది. అమ్మాయి బొత్తాం నొక్కింది. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయబోయారు, అది అందుకోలేదు, మళ్లీ తన్నారు, మళ్లీ తన్నారు, అందుకుంది, సందు మలుపు తిరిగిపోయింది. వంటగదిలో కుళాయి చుక్క పడింది. ఇంకోటి పడింది. ఇంకా నలభై రెండు కాలేదు.

అయ్యాక అమ్మాయి బొత్తాం నొక్కి ఆపింది.

“చాలా సేపు,” అంది.

“అవునమ్మా.”

“ఆ సిస్టరు వెళ్లాక... వాడు నన్ను తాకుతూనే ఉన్నాడా?”

“నీ పొట్ట మీదే ఉన్నాడు.”

అమ్మాయి స్టాప్‌వాచీ తిరిగి ఇచ్చేసింది. క్షమించాననలేదు, తిట్టలేదు. గుమ్మం దాకా సాగనంపనూ లేదు. అక్క చెప్పులు వేసుకుంటుంటే లోపల అత్తగారి గొంతు వినిపించింది: “అన్నం పెడతాను, రెండు ముద్దలు తినవే తల్లీ.” పదకొండు రోజుల్లో అలా పిలవడం అదే మొదటిసారని అక్కకి తెలియదు. తీగ మీది గుడ్డలు మాత్రం వెళ్తూ వెళ్తూ మరోసారి చూసింది.

తర్వాత ఇంకా నూట ఇరవై ఐదు కాన్పులు అదే స్టూలు మీద కూర్చుని చూసింది. ఉద్యోగం పోకపోవడం కూడా ఒక శిక్షేనని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పరిశోధన ముగిశాక కొత్తగా చేరే వాళ్లకి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. మొదటిరోజు పాఠం ఒకటే. అందరిచేతా ట్యాబ్ నేలకేసి పడేయిస్తుంది. మెల్లగా పెడితే ఒప్పుకోదు, మళ్లీ చేయిస్తుంది. అలా ఆవిడ ఒక లారీడు ట్యాబ్‌లు పగలగొట్టించిందని, కంపెనీవాళ్లు ఆవిడ కోసమే స్పాంజితో ట్యాబ్ తయారు చేస్తున్నారని తమ్ముడి వార్త.

మొన్న అక్కతో పాటు ఆ కొత్తవాళ్లు ఫారాలు కాపీ తీయించుకోవడానికి షాపుకొచ్చారు. తమ్ముడికి శ్రోతలు దొరికితే ఆగుతాడా?

“మా అక్కంటే ఏమనుకున్నారు! నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు. అక్క బొత్తాం నొక్కితే ఏడుపు. ఒక్కడు ఎదురుతిరిగితే ఒట్టు!”

కాగితాలు సర్దుకుంటున్న అక్క తలెత్తలేదు.

“నాలుగు వందల పన్నెండు మంది పుట్టార్రా. ఏడ్చింది నాలుగు వందల ఆరుగురు. ఐదుగురు కడుపులోనే పోయారు. ఒకడి దగ్గర నేను ఫారం నింపాను.”