పరాయి కబురు

మా మేనత్త ఉద్యోగం వినడం. ప్రభుత్వ రేడియో కార్యాలయంలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సరదాకు రేడియో నడిపేవాళ్లు దేశం దాటి ఏం మాట్లాడుకుంటున్నారో విని పుస్తకంలో రాసేది. వాళ్లు వాన గురించి, తమ యంత్రం గురించి, తమ ఒంట్లో నలత గురించి చెప్పుకోవచ్చు. ఇంకొకరి కబురు మోయకూడదు. మోస్తే లైసెన్సు రద్దు.

అవి పొరుగు దేశానికి ఉత్తరాలూ ఫోన్లూ ఆగిపోయిన రోజులు. రోజూ నాలుగింటికి ఒక వడ్రంగి అవతలి దేశపు మనిషితో మాట్లాడేవాడు. "రెండు ముద్దలు తిన్నాను. మంచం దిగలేదు గానీ దగ్గు తగ్గింది" అనేవాడు. గొంతేమో కంచుగంట. అవతలి మనిషి "మందు మానకు" అని బతిమాలేవాడు. ఎవరి జబ్బో తన జబ్బుగా చెబుతున్నాడని అత్తకు మూడోనాటికే తెలిసిపోయింది. "ఆరోగ్య విషయాలు" అని రాసి ఊరుకుంది. ఆరు నెలలు అలా ఊరుకోవడం ఆవిడ చేసిన ప్రార్థనలన్నిటికంటే పెద్దదని నా నమ్మకం.

కొత్తగా వచ్చిన అధికారి ఒకరోజు తనే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"మంచం దిగలేనివాడు పొద్దున మేడెక్కి ఏరియల్ కట్టాడట. మీరు వినేది చెవులతోనా అమ్మా, కమ్మలతోనా? రిపోర్టు మీరు రాస్తారా, మీ మీద నన్ను రాయమంటారా?"

మామయ్య అప్పటికే పోయాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. అత్త రాసింది.

యంత్రం అప్పగించడానికి వడ్రంగి వచ్చాడు. చొక్కా నిండా రంపంపొట్టు.

"జబ్బు మా పక్కింటి అక్కయ్యదండీ. అవతల మాట్లాడేది ఆవిడ తమ్ముడు. బెంగపడతాడని దగ్గు తగ్గిందనేవాణ్ణి. తగ్గలేదండీ."

"రాసింది నేనే" అంది అత్త.

"ఎవరో ఒకరు రాయాలి కదమ్మా" అని, అత్త కుర్చీ ఊగుతుంటే వంగి, దాని కాలి కింద చెక్కముక్క దూర్చి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని అత్త ఇప్పటికీ అంటుంది.

మర్నాడు నాలుగింటికి ఆ తమ్ముడు పిలిచాడు. ఆ మర్నాడూ పిలిచాడు. అత్త గదిలో వినే యంత్రమే గానీ మాట్లాడేది లేదు.

మూడో వారంలో అత్త వడ్రంగి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. పక్కింటికి తాళం వేసి ఉంది. అక్కయ్య చనిపోయి నాలుగు రోజులైందని వడ్రంగి చెప్పాడు.

ఆ సాయంత్రం తమ్ముడు మళ్లీ పిలిచాడు. "అక్కా, దగ్గు తగ్గిందా?" నియమం మరిచి నోరు జారాడు.

అత్త పుస్తకంలో రాసింది: "పిలుపు ఒకటి. బదులు లేదు. నియమభంగం లేదు."