తిరిగొచ్చే ఉత్తరాల వెనక నిలిచిపోయిన రిపోర్టు

సహోదరులారా, ఇప్పుడే పాట ఎత్తుకున్న మా ఆవిడ గొంతు విన్నారు కదా! పోయిన ఎండాకాలం ఆ గొంతు మీదే గడ్డ లేచింది. కొత్తకోటలో మందులు వాడినా తగ్గలేదు. నేను కంప్యూటర్లు చూసుకునే వనపర్తి దవాఖానలోనే డాక్టరమ్మ చిన్న ముక్క తీసి హైదరాబాదు ల్యాబుకు పంపించింది. క్యాన్సరా కాదా అన్నది రిపోర్టు వస్తేనే తెలుస్తుంది, ఆ రిపోర్టు దవాఖాన ఈమెయిల్‌కే రావాలి, రోజులు గడుస్తున్నాయి గాని అది రాదు! అయ్యో, ఆ రోజులు పగవాడికి కూడా వద్దు. నాకు ముద్ద దిగేది కాదు, ఆమె మాత్రం గిన్నెలు తోముతూ పాడుకునేది, అది విని నాకు ఇంకా ఏడుపొచ్చేది. "ప్రభువా, ఎందుకు పలకవు? మంచో చెడో ఒక్క మాట పంపు తండ్రీ" అని మొరపెట్టుకున్నాను.

చివరికి ల్యాబుకు ఫోను చేస్తే, "ఎప్పుడో పంపినం గదన్నా" అన్నారు. దవాఖాన ఈమెయిళ్లు వచ్చిపోయే యంత్రం, ఆ మెయిల్ సర్వరు, చూసుకునేది నేనే కదా! తెరిచి చూద్దును కదా, వేలకు వేలు ఉత్తరాలు వరుసలో ఇరుక్కుపోయి ఉన్నాయి. పేర్లు రాసే కౌంటరులో ఈమెయిల్ గడి నింపకపోతే కంప్యూటరు ముందుకు పోదు, అందుకని అక్కడ కూర్చునే మా సలీం భాయ్ పేషెంటు పేరూ ఊరూ కలిపి ఏదో ఒకటి అల్లి కొట్టేవాడట. ఆ లేని చిరునామాలకు మా సర్వరు "మళ్లీ చూపించుకోండి" అని ఉత్తరాలు పంపడం, ఇన్ని తప్పుడు చిరునామాలేమిటని అవతలి మెయిల్ కంపెనీవాళ్లు ఆపి తిప్పి పంపడం, ఇది మళ్లీ పంపడం! ఆ రద్దీలో బయటినుంచి వచ్చినవి కూడా వెనకే నిలిచిపోయాయి.

"ఏం జెయ్యాలె అన్నా, పాన్‌గల్ నుంచొచ్చిన అవ్వకు సెల్లే లేకపాయె, ఈమెయిల్ యాడికెల్లి తేవాలె?" అన్నాడు సలీం. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

మేనేజరు సారేమో, "పరేషాన్ ఎందుకయ్యా, అంతా లేపేయ్" అన్నాడు. నిమిషం పని. కాని బయటినుంచి వచ్చిన రిపోర్టులను మా సర్వరు ఎప్పుడో తీసుకుంది కాబట్టి పంపినవాళ్ల లెక్కలో అవి చేరినట్టే, తుడిచేస్తే మళ్లీ ఎవరూ పంపరు. బల్ల మీద తల వాల్చి, "తండ్రీ, నా చెయ్యి తొందరపడకుండా పట్టుకో, ఇందులో నా ఇంటిదే కాదు, ఎందరి ప్రాణాలున్నాయో" అని ప్రార్థించాను. లేచి, పోయే ఉత్తరాలను ఆపి, లేని చిరునామాలవి మాత్రమే ఏరి తీసేశాను. సలీం పక్కనే కూర్చుని, "గిది నాదే, గిది గూడ నాదే" అంటూ తాను అల్లినవన్నీ చూపించాడు.

దారి తెరుచుకుంది! నాగర్‌కర్నూలు తల్లి ఒకామెది, ఎవరో పసిబిడ్డది, ఆ వెనక మా ఆవిడది! చదివే ధైర్యం లేక డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. "క్యాన్సర్ కాదయ్యా, మందులతో పోతది" అంది. హల్లెలూయా! వరండాలో కూలబడి ఏడ్చాను, సలీం కూడా కళ్లు తుడుచుకుంటూ, "నేను గూడ దువా చేసిన అన్నా" అన్నాడు.

ఇప్పుడు ఆ గడి ఖాళీగా వదిలినా కంప్యూటరు ఒప్పుకుంటుంది. గడ్డ కూడా కరిగిపోయింది, దేవునికే మహిమ!

సహోదరులారా, దేవుడు పలకలేదని నేను నిష్ఠూరమాడిన రోజుల్లో ఆయన జవాబు నా చేతి కింది యంత్రంలోనే ఉంది! జవాబు కోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ఈ సంఘంలో ఎందరో ఉన్నారు, ఆయనను నమ్మండి, అలసిపోవద్దు. ఆ సాయంత్రం నేను రొప్పుతూ ఇంటికి పోయి రిపోర్టు చూపిస్తే మా ఆవిడ గిన్నె పక్కన పెట్టి అన్న మాట ఇది: "నువ్వు కాయితం చూసి నమ్మినవ్, నేను అది రాకముందే నమ్మిన. ఇగ కూసో, తిందువు రా."