సుశీల గారి పాదాల ఫైలు

ముందే ఒప్పుకుంటున్నాను. చినుకు పడితే వరద వచ్చిందని చెప్పే మనిషిని నేను. మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి వింటుంది. మీరు కొత్తవారు కాబట్టి మూడుతో భాగించినా చాలు. ఈ ఉదయం నేను పనిచేసే కేర్ హోమ్‌లో, అప్పుడే తుడిచిన నేల మీద ఎవరివో కొత్త షూస్ కీచుమన్నాయి. ఎంత కీచు అంటే, వినికిడి యంత్రాలు తీసి పక్కన పెట్టుకున్న పెద్దవాళ్లు కూడా ఉలిక్కిపడి లేచారు. చూస్తే, ట్రైనింగ్‌కి వచ్చిన నర్సింగ్ విద్యార్థిని. కొత్త రబ్బరు వాసన కారిడార్ అంతా నిండింది. మందుల ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకు సుశీల గారు గుర్తొచ్చారు.

నేను నర్సింగ్ చదివే రోజుల్లో సుశీల గారు మా క్లినికల్ టీచరు. కాలేజీలో విన్న పాఠాన్ని నిజమైన మంచాల దగ్గర మా చేత చేయించి, మార్కులు వేసేది ఆవిడే. ఒంగోలు పక్కన పుట్టి, గల్ఫ్‌లో పన్నెండేళ్లు నర్సుగా చేసి, ఆ తర్వాత కెనడా వచ్చారు. మనిషి ఐదడుగులు, గొంతు పదిహేనడుగులు. నేనేమో ఇక్కడే, కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో ఆరేళ్లు పెట్టెలు మోసి, చాలనిపించి, నలభై మూడో ఏట ఆ కోర్సులో చేరాను. క్లాసులో అందరూ మా అమ్మాయి ఈడువాళ్లు. ట్రైనింగ్‌లో రెండు రాతపూర్వక హెచ్చరికలు వస్తే ఫెయిలు, ఫెయిలైతే మళ్లీ పెట్టెలు. నాకు మొదటి హెచ్చరిక మొదటి రోజే వచ్చింది.

తప్పు నా షూస్‌ది. మా ఇంట్లో చిన్నప్పుడు ఏ చెప్పులు కొన్నా ఒక సైజు పెద్దవే కొనేవారు, కాలు పెరుగుతుంది కదా అని. ఆ అలవాటు నాతో పాటు విమానమెక్కి వచ్చింది. తెల్లగా మెరిసే, లేసుల్లేని షూస్ ఒక సైజు పెద్దవి కొని, ముందు భాగంలో దూది కూరాను. నడుస్తుంటే రెండు పడవల్లో రెండు కాళ్లు పెట్టినట్టుండేది. ఆ ఉదయం, ట్రైనింగ్ జరిగే కేర్ హోమ్‌లో నాకు అప్పగించింది డోరతీ అనే పెద్దావిడ గదిని. తలుపు తీశాను. గోడ మీద శిలువ, దాని కింద చిన్న దీపం, చనిపోయిన భర్త ఫొటో, నేల మీద శుభ్రమైన తివాచీ. అంతే, నా ప్రమేయం లేకుండా కాళ్లు రెండూ షూస్‌లోంచి బయటికొచ్చేశాయి. దేవుడి గదిలోకి వెళ్లినంత భక్తిగా, ఉత్త మేజోళ్లతో లోపలికి వెళ్లి బీపీ చూడడం మొదలుపెట్టాను.

బయట ఆ పదిహేనడుగుల గొంతు వినిపించింది. "ఎవరివయ్యా ఈ పడవలు?"

"నావే మేడమ్."

"గుమ్మం బయట ఇడిచావేంది? పేరంటానికొచ్చావా?"

"లోపల దీపం ఉంది మేడమ్..."

ఆవిడ ఒక్క క్షణం ఆ దీపం వైపు చూశారు. నవ్వొచ్చింది, కానీ దాన్ని నమిలి మింగేశారు. "దీపం సంగతి దేవుడు చూసుకుంటాడు. నీ కాలి కింద సూదో, తడో ఉంటే ఎవరు చూసుకుంటారు? ఎవరన్నా ఈ పడవలు తట్టుకుని పడితే?" అంటూ హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చారు. ఆ పడవల్లో ఒకదాన్ని ఎత్తి, దూదిని బయటికి లాగారు. నా లెక్క ప్రకారం ఒక పరుపుకి సరిపోయేంత దూది.

"నలభై మూడేళ్లొచ్చినా ఇంకా ఎదుగుతున్నావా నాయనా?"

రెండో వారానికి నా మడమలు టమాటా పచ్చడి అయ్యాయి. మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ దిగి, స్టాఫ్ రూమ్‌లో కూర్చుని, కోర్సు మానేస్తానని మా ఆవిడకు చెప్పడం ఎలాగా అని మాటలు వెతుక్కుంటున్నాను. సుశీల గారు వచ్చి ఒక తెల్ల కాగితం నేల మీద పరిచారు. "నిలబడు. మేజోళ్లతోనే." పెన్ను తీసి, వంగి, నా పాదం చుట్టూ గీత గీశారు. తర్వాత ఇంకో కాగితం మీద రెండో పాదం. అరవై దాటిన టీచరు నా కాళ్ల దగ్గర కూర్చుంటే భూమిలోకి కుంగిపోయాను. "మేడమ్, వద్దండీ" అంటుంటే, "కదలమాక, గీత వంకర పోద్ది" అన్నారు. ఆ రెండు కాగితాల మీద నా పేరు రాసి ఒక లావుపాటి ఫైలులో పెట్టారు. అందులో ఆవిడ దగ్గర చదివిన వాళ్లందరి పాదాలూ ఉన్నాయి. కొందరి మొహాలు మర్చిపోయారట కానీ, పాదం చూస్తే పేరు చెబుతారట.

"నీ కుడికాలు పెద్దది. దానికి సరిపోయేది కొనాలి. పద, ఇప్పుడే పోదాం."

"శనివారం పొద్దున వెళ్తానండీ, తీరిగ్గా."

"పొద్దున్నే కాలు అబద్ధం చెబుద్ది. రోజంతా నిలబడి వాచినాక చెప్పేదే నిజం."

షాపులో నా కన్ను మళ్లీ ఒక సన్నటి తెల్ల జత మీద పడింది. ఆవిడ దాని లోపలి అట్ట బయటికి తీసి ఫైలులోంచి వెంట తెచ్చిన నా పాదం కాగితం మీద పెట్టారు. అట్ట కన్నా నా పాదం రెండు వైపులా పొంగి ఉంది. నల్లగా, ఇటుకలా ఉన్న ఇంకో జత తీశారు. మడమ భాగాన్ని వేళ్లతో నొక్కారు, అణగలేదు. మధ్యలో వంచారు, వంగలేదు. వేళ్ల దగ్గర మాత్రం వంగింది. తొడిగించి, లేసు కట్టించి, నా బొటనవేలి ముందు తన బొటనవేలు ఆనించి చూశారు.

"అందంగా లేవు మేడమ్."

"పెళ్లిచూపులకా పోతున్నావు?"

నేను గునుస్తుంటే, ఆవిడ బెంచీ మీద కూర్చుని తన కుడి షూ, మేజోడు విప్పారు. రెండు వేళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. "ఇరవై రెండేళ్లప్పుడు, గల్ఫ్‌లో, చిన్న కాళ్లు అందమని ఇరుకువి కొన్నా. చెప్పేవాళ్లు లేరు. ఇంతే ఇక" అని తొడుక్కున్నారు. ఇటుకలు ప్యాక్ చేయించాను.

చివరి వారం. బాత్రూమ్‌లో డోరతీని వాకర్ పట్టించి నిలబెట్టాను. నేల తడిగా ఉంది. ఉన్నట్టుండి ఆవిడ మోకాళ్లు వంగిపోయాయి. భారీ మనిషి, కొండ విరిగి నా మీద పడ్డట్టయింది. పడేవాళ్లను పైకి లాగకూడదు, కాళ్లు ఎడంగా పెట్టి, మన తొడ మీదుగా మెల్లగా కిందికి దించాలి. పుస్తకంలో అది రెండు వాక్యాలే. ఇటుకలు నేలను కరిచిపట్టుకున్నాయి. వెంట్రుకంత కూడా జారలేదు. డోరతీ నా తొడ మీదుగా జారి నేల మీద కూర్చుని, ఊపిరి పీల్చుకుని, "యు డాన్స్ వెల్, యంగ్ మ్యాన్" అంది.

నేను నొక్కిన బెల్ విని సుశీల గారు పరుగెత్తుకొచ్చారు. డోరతీ తుంటి, మోచేతులు, తల వరసగా చూశారు. ఎక్కడా దెబ్బ లేదు. తర్వాత తడి నేల వైపు, నా కాళ్ల వైపు చూశారు. రెండో హెచ్చరిక ఖాయమనుకున్నాను.

"నేల తుడిచి నిలబెట్టాల్సింది" అన్నారు. డోరతీని లేపడానికి వంగుతూ, "నిలబడ్డావులే" అన్నారు. ఆ సాయంత్రం నా ట్రైనింగ్ కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టారు.

సుశీల గారు ఇప్పుడు రిటైరై కాల్గరీలో కూతురి దగ్గర ఉన్నారు. ఫోన్ చేస్తే బాగున్నావా అని అడగరు, "కాళ్లెట్టా ఉన్నాయి?" అంటారు. ఈ ఉదయం ఆ అమ్మాయిని స్టాఫ్ రూమ్‌కి పిలిచి, నేల మీద కాగితం పరిచాను. నాకు పొట్ట అడ్డం వచ్చింది కానీ, గీత వంకర పోలేదు.

ఇక కల్పించిందేమిటో చెప్పాలి కదా. గుమ్మం బయట షూస్ నిజం, దూది దాదాపు నిజం, ఫైలు అక్షరాలా నిజం. కల్పించింది డోరతీ బరువు. ఆవిడ కొండ కాదు, పిచ్చుక. నలభై కిలోలుంటే గొప్ప. ఆ వయసులో అంత సన్నటి ఎముకలు తడి నేలకు తగిలి విరిగితే మళ్లీ అతకవు. అందుకే ఆ నాలుగు క్షణాలు నా చేతుల మీద ఎంత బరువుందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కొండ అన్నాను గానీ, తక్కువే చెప్పాను.