కుట్టు వెంట కోత

కొత్త బట్టను కత్తిరించి పారెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనని చెబితే కత్తెరక్క మొదట నమ్మలేదు. నమ్మకపోతే ఏముంది, మూడేళ్ళుగా ఆ ఉద్యోగమే చేస్తోంది. పెద్ద బట్టల కంపెనీ గోడౌన్ వెనక కిటికీల్లేని పొడుగాటి గది, గదిలో రేకు బల్ల. బల్లకు ఒక పక్క బట్టలు గుట్టపడి ఉంటాయి. కొన్ని అమ్ముడుపోనివి, కొన్ని జనం కొనుక్కుని, ఒక్కసారి తొడుక్కుని, ఫొటో దిగి, నచ్చలేదని తిప్పి పంపినవి. రెండో పక్క ఖాళీ గోనెసంచులు. మధ్యలో కత్తెరక్క. గుండీ ఊడలేదు, రంగు దిగలేదు, చాలావాటికి ధర చీటీ మెడ దగ్గర వేలాడుతూనే ఉంటుంది. అయినా కోసి సంచిలో వెయ్యాల్సిందే.

ఎందుకంటే కంపెనీ పరువు కోసమట. ఆ కంపెనీ పేరున్న చొక్కా సంతలో చవగ్గా దొరికి, ఏ మూటలు మోసేవాడో దాన్ని తొడుక్కుని తిరిగితే పరువు గంగలో కలుస్తుందట. ఊళ్ళో కాలువలో ఏం కలిసినా మాత్రం ఫరవాలేదు. ఒంటిమీద గుడ్డ లేనివాడు గేటు ముందే వణుకుతున్నా సరే, చింపి పారేస్తాం గానీ వాడికివ్వం అనే పరువది. దానికి వేరే పేరుంది గానీ పిల్లలున్న ఇంట్లో అనే మాట కాదు.

కత్తెరక్క అన్న పేరు ఈ గదిలో వచ్చింది కాదు. ఇరవై ఏళ్ళు వీధి మలుపులో కుట్టు దుకాణం నడిపింది. ఎప్పుడు చూసినా నడుముకు కత్తెర వేలాడేది, అందుకని ఆ పేరు. గౌను కుడితే అంచు లోపలికి నాలుగు వేళ్ళు మడిచి వదిలేది, పిల్ల ఎదిగే కొద్దీ విప్పుకుంటారని. ఒక్క గౌను ముగ్గురు అక్కచెల్లెళ్ళు తొడిగిన ఇళ్ళున్నాయి. తరవాత ఈ కంపెనీ దుకాణం వెలిసింది. పక్షానికో ఫ్యాషను, కుట్టుకూలి కంటే చవగ్గా చొక్కా. ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళే మొహాన అనేశారు, కొత్తదే అంత చవగ్గా వస్తుంటే నీ దగ్గరికెందుకని. మొదట కొత్తవి కుట్టించుకోవడం మానారు, తరవాత చిరిగినవి తేవడం మానారు. చిరిగితే పారెయ్యడమే. చివరికి చిరక్కపోయినా పారెయ్యడమే. దుకాణం మూతపడింది. అదే ఏడు భర్త నడుము దెబ్బతిని ఇంట్లో కూలబడ్డాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఏ కంపెనీ ఆమె దుకాణాన్ని మింగిందో ఆ కంపెనీ గేటు దగ్గరే వెళ్ళి నిలబడింది.

అక్కడి నిబంధన ఒకటే. ఎక్కడైనా సరే, బట్టకు మూడు కోతలు పడాలి. మొదటి రోజు ఆమె ఒక కోటు తీసుకుని బల్ల మీద పరిచి, కత్తెర పెట్టింది. చెయ్యి కదలలేదు. బట్టలు కుట్టినదాని చెయ్యి మంచి గుడ్డకు అడ్డంగా పోనంటుంది. కాసేపటికి దానంతటదే పక్కకు జరిగి, కుట్టు దగ్గరికి పోయింది. చంక దగ్గర కుట్టు వెంట ఒక కోత, కోటు చెయ్యి ఊడింది. పక్క కుట్టు వెంట ఇంకొకటి, వీపు విడిపోయింది. భుజం మీద మూడోది. లెక్కకు మూడు కోతలూ పడ్డాయి. కానీ గుడ్డ ముక్కలన్నీ దేనికది నిండుగా ఉన్నాయి. మిషను ముందు కూర్చుంటే గంటలో మళ్ళీ కోటయిపోతుంది. ఇది ఎవరికీ చెప్పలేదు, రోజూ అలాగే కోసింది.

కోస్తున్నప్పుడు కుట్లు చూసేది. ఎక్కడో ఏ ఫ్యాక్టరీలోనో కూర్చుని కుట్టిన ఆడవాళ్ళు ఆ కుట్లలోనే కనిపించేవాళ్ళు. చంక మలుపు దాకా నిటారుగా వచ్చిన కుట్టు ఒక్కసారి వంకరపోయేది. దీన్ని కుట్టినదాని కళ్ళు మూతలు పడ్డాయి కాబోలు, నెత్తిన నిలబడి తొందరపెట్టి ఉంటారు అనుకునేది. కళ్ళు పోయేట్టు కుట్టించడం ఒకచోట, కోసి పారెయ్యడం ఇంకోచోట. మధ్యలో ఒక ఫొటో. ఇంతకంటే తలతిక్క వ్యాపారం ఇంకోటి ఉంటుందా?

కోసిన బట్టల సంచులు లారీలో కాలువ గట్టుకు పోయేవి. కత్తెరక్క వదిన, చనిపోయిన అన్న భార్య, ఆ గట్టుకు అవతలే ఉంటుంది. వాన పడితే గుట్టలోంచి రంగు కారి కాలువలో దిగేది. ఆ నెల ఏ రంగు ఫ్యాషనో నీళ్ళు చూసి చెప్పొచ్చు. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టినందుకు వదిన పాదాలు పగిలి పొట్టు లేచాయి. అయినా పోయి సంచులు వెతికేది, ఎందుకంటే వాటిల్లో కొన్ని కుట్టుకు పనికొచ్చేవి. పాత కాలి మిషను మీద వాటిని అతికి సంతలో అమ్మి బతికేది.

"ఎవరోగానీ పుణ్యాత్మురాలే మరదలా," అంది ఒకసారి కత్తెరక్కతో. "కోసినట్టు లేదు, విప్పి ఇచ్చినట్టుంది."

కత్తెరక్క నవ్వి మాట మార్చింది. బట్టలు కోసే పనిలో ఉన్నానని చెప్పుకోవడానికి సిగ్గేసి, గోడౌన్లో మూటలు కట్టే పనని ఎప్పుడో చెప్పింది. ఇప్పుడు నిజం చెప్పినా వదిన సంతోషిస్తుంది గానీ, మాట బయటికి పొక్కితే ఉద్యోగం పోతుంది. అందుకని ఆ మంచిని కూడా దొంగతనంలా దాచుకుంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ సూపర్‌వైజరు పట్టాడు. సంతలో కంపెనీ పేరున్న కోటు కనబడితే కొనుక్కొచ్చి బల్ల మీద పడేశాడు. చంకలో, పక్కన, భుజం మీద, పాత కుట్టు పక్కనే కొత్త కుట్టు. గదిలో బట్టలు కోసే ఐదుగురిలో కుట్టడం వచ్చినది కత్తెరక్క ఒక్కతే.  గేటు బయటికి గెంటేస్తాడనుకుంది. అతను గెంటలేదు. గెంటేసినా బాగుండేది.

"మిగతావాళ్ళు ఎలా కోసినా అవతల ఎవరో ఒకరు అతికేస్తున్నారు," అన్నాడు. "ఎక్కడ కోస్తే అతకదో నీకు తెలుసు. ఈ నలుగురికీ నేర్పు. లేదా ఇప్పుడే వెళ్ళిపో."

కత్తెర అతని మొహాన కొట్టి వచ్చేసిందని రాయాలని ఉంది. రాలేదు. ఇంట్లో భర్తతో కలిపి నాలుగు కడుపులు ఆమె జీతం మీదే నిండాలి. ఒక పసిపిల్ల కోటు తీసి, మెడ దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా చంకలోకి, చంకలోంచి అవతలి పక్క నడుముకు కోసింది. గుడ్డను ఏటవాలుగా కోస్తే ఇక అతకదు, ఎంత నేర్పుగా కుట్టినా సాగి వంకరపోతుంది. మిగిలిన ముక్కల్లో బొమ్మకు తొడిగేంత గుడ్డ కూడా రాదు. ఇరవై ఏళ్ళ విద్య ఒక్క కోతలో దిగింది.

"ఇదీ పనితనమంటే," అన్నాడు సూపర్‌వైజరు.

చెప్పకూడదు గానీ, ఆ మాటకు ఆమె మనసు ఒక్క క్షణం పొంగింది. దుకాణం మూశాక ఆమెదని తెలిసి ఆమె పనిని మెచ్చుకున్నవాళ్ళు లేరు. కడుపు మండేది ఇక్కడే. మనిషికి అన్నం కరువు చేసి, మెప్పు కరువు చేసి, ఆ రెండూ చెరో చేత్తో పట్టుకుని, ఇప్పుడు నీ విద్యను నువ్వే నరుక్కో అంటారు. మనిషి నరుక్కుంటుంది. ఆ రోజు నుంచి ఆమె ఆ బల్లకు మేస్త్రి. నలుగురు ఆడపిల్లల చేతులు పట్టుకుని కత్తెర ఎక్కడ పెట్టాలో, ఎంత వాలుగా లాగాలో చూపించింది. మంచి పంతులమ్మే.

రెండు నెలల తరవాత ఒక సెలవు రోజున వదినను చూడ్డానికి వెళ్ళింది. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. వదిన పొయ్యిలో గుడ్డ పీలికలు పెడుతోంది. అవి మండటం లేదు, కరిగి బొట్లుగా కారి, కంపు కొడుతూ నల్లటి పొగ లేస్తోంది. దగ్గుతూనే వదిన ఒక ముక్క తెచ్చి మోకాళ్ళ మీద పరిచింది.

"చూడవే. ఇదివరకు కోసినవాళ్ళకు దయ ఉందో, తెలివి లేదో గానీ బతికించారు. ఇది చూడు, చంకలోంచి ఏటవాలుగా పోయింది. ఇటు పట్టుకుంటే అటు సాగుతుంది. తెలియనివాళ్ళ కోత కాదిది. కుట్టు తెలిసినదే ఎవతో కోసింది."

కత్తెరక్క ఊరుకుని ఉంటే సరిపోయేది. మూడేళ్ళు ఊరుకోగలిగింది. ఈసారి కుదరలేదు.

"నేనే కోశాను వదినా," అంది. "మిగతావి నేను నేర్పినవాళ్ళు కోశారు."

వదిన తిట్టలేదు. తిడుతుందనే కత్తెరక్క తల వంచుకుని ఉంది. వదిన మోకాళ్ళ మీది ముక్కను తీసి పొయ్యి పక్కన పెట్టింది.

"ఎంతమందికి నేర్పావు?"

"నలుగురికి."

"బాగా వచ్చిందా వాళ్ళకి?"

కత్తెరక్క అబద్ధం చెప్పాలనుకుంది. రాలేదు.

"వచ్చింది వదినా."

వదిన లేచి, మిషను మీది దుప్పటి తీసి మడత పెట్టింది.

"అయితే ఈ మిషన్ని ఎవరన్నా కొంటారేమో నువ్వే చూడు, మరదలా."