రాహేలు టీచర్ చూడని సముద్రం

పోయిన బుధవారం పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలకు ఫోన్ మోగింది. "అక్క నిద్రలనే పోయింది," అన్నది రాహేలు టీచర్ చెల్లెలు. ముందురోజు సాయంత్రం నాలుగింటికి ఆమె నాతో వాదులాడింది.

హనుమకొండలో ఆడపిల్లల బడిలో ఇరవై ఆరేళ్లు ఆమె సాంఘికశాస్త్రం, నేను లెక్కలు చెప్పాం. పటం మీద సముద్రాలన్నీ చూపించిన ఆ విదుషీమణి ఒక్క సముద్రాన్నీ కళ్లారా చూడలేదు.

బడిలో ఉండగానే ఆమె మోకాళ్లు చెడ్డాయి. పై అంతస్తు నుంచి ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ దిగేది. పిల్లలు నవ్వితే, "నవ్వుడు అయిపోయిందా బిడ్డా? అయితే జర నా పుస్తకాలు పట్టుకో," అనేది. తర్వాత ఆ పుస్తకాల కోసం పిల్లలు పోటీపడేవారు.

ఈ ఏడాది రైల్లో సముద్రానికి పోదామని పట్టుబట్టింది. ఆమె ఊరిని కాదు, స్టేషన్‌ను చూసి ఎంచేది. ఒక్కో ఊళ్లో కాపురముంటున్న పాత విద్యార్థినికి ఫోన్ చేసి, "బిడ్డా, మీ స్టేషన్ల బండి ఎంతసేపు ఆగుతది? బయటికొచ్చే తొవ్వల మెట్లున్నయా?" అని అడిగేది. నేను రాసుకునేదాన్ని. ఐదు ఊళ్లలో నాలుగింటిని కొట్టేశాం. ఐదోదానికి అన్నీ కుదిరాయి. ఆటోలో పది నిమిషాలు పోతే సముద్రమే. తీరా చూస్తే తిరుగు బండి అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగుతుందట. లిఫ్టు లేదు. వంతెన ఎక్కడానికి నలభై ఆరు మెట్లు, దిగడానికి నలభై ఆరు.

"తొంభై రెండు మెట్లక్కా. వద్దు," అన్నాను.

"గంట ముందుగాల పోదాం. కూసుంట ఎక్కుత, కూసుంట దిగుత."

"అంత మంది చూస్తాంటె మెట్ల మీద డేకుతవా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "నీకు అడ్డం మెట్లు గాదు సుశీలా. మంది."

నేను ఐదో ఊరినీ కొట్టేశాను. అదే మా చివరి సంభాషణ.

సమాధి దగ్గర ఆమె బంధువొకామె, "ఈ వయసుల సముద్రం ఫికరెందుకో ఆమెకు," అన్నది. ఆమెది ఒట్టి మాటే. నేను చేసింది అంతకంటే పెద్ద పని. పాస్టరుగారు, ఆమె తన ప్రయాణం ముగించిందన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నా నోట ఆ మాట రాలేదు.

లోకుల చూపులకు తల వంచని ఆ ధీరురాలికి నా అంజలి. అటువంటి స్నేహం నాకిక ఈ జన్మలో దొరకదు. మెట్లెక్కగలనని ఆమె చెప్పింది. ఎక్కగలదని నాకు తెలుసు. తెలిసే ఆపాను.